అవతలి ఒడ్డు టవరు

మాచర్ల,
సోమవారం.

నా తస్లీమ్‌కు,

మన పెళ్లయిన పందొమ్మిదేళ్లలో నీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. ఊరందరి ఫోన్లూ బాగుచేసే నాకు సొంత భార్యతో మాట్లాడ్డానికి తెల్లకాగితం దిక్కయింది. నీ ఫోను గురజాలలో మీ ఆఫీసు బీరువాలో ఉంది. విచారణ ముగిసేదాకా ఇవ్వరట. శేషమ్మ ఫోనుకు చేద్దామంటే ఆమె టీ బంకులో ఎప్పుడూ నలుగురుంటారు, స్పీకరు పెడితే గాని ఆమెకు వినపడదు. అందుకని ఈ కాగితాలు సాయంత్రం బస్సు కండక్టరుకిచ్చి గుండాలరేవు స్టేజీలో ఆమె చేతికి ఇమ్మంటున్నాను. నీకు గది అద్దెకిచ్చిన మనిషి, ఉత్తరం కూడా అందించదా.

ముందు కోపం రాస్తాను, నాకది తేలిక. ఉద్యోగం వాళ్లది. ఫోను నీది. నెట్టు నీది. చార్జింగు శేషమ్మ ఇంటి కరెంటుది. ఆ ఫోనులో వాళ్ల యాప్ వేసి, పొద్దున పదింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి మొహం చూపించి ఎక్కడున్నావో చెప్పుకోమన్నారు. పదిహేడేళ్లుగా ఏఎన్నెం పని చేస్తూ ఎన్ని గుడిసెల్లో దూరావో, ఎన్ని కాన్పులు చూశావో, ఎంతమంది పసిపిల్లలకు సూదులు వేశావో, ఇవేవీ హాజరు కాదు. మొహం హాజరు. మనిషి మాట నమ్మనివాడు మనిషి జేబులోని యంత్రాన్ని నమ్ముతాడా? యంత్రం ఎవరి మాట వింటుందో వీళ్లలో ఒక్కడికైనా తెలుసా? ఆ మెమో రాసినవాణ్ణి రెంటచింతల ఎండలో ఒక్క పూట నిలబెట్టి హాజరు వేసుకోమంటే అప్పుడు తెలుస్తుంది.

ఇంతవరకూ తేలికే. ఇక్కణ్ణుంచి నాకు అర్థం కావడం లేదు.

ఆ మెమో ముప్పైసార్లు చదివాను. పోయిన నెల మూడో తేదీ నుంచి పద్దెనిమిదో తేదీ వరకు పద్నాలుగు పనిదినాలు, రెండు పూటలా, నువ్వు కృష్ణకు అవతలి ఒడ్డున పక్క రాష్ట్రంలో ఉన్నట్టు యాప్ చూపించిందట. ఒక రోజు తప్పు చూపించిందంటే అర్థం చేసుకుంటాను. రోజుకో చోట చూపించినా అర్థం చేసుకుంటాను. తప్పంటే దిక్కులేకుండా పోవాలి కదా. ఇది ఒకే దిక్కుకు పోయింది, ఒకే చోటికి, ఇరవై ఎనిమిదిసార్లు. నేను ఫోన్ల మెకానిక్కుని. ఇట్లాంటి తప్పు నేను చూడలేదు.

బ్యాటరీ వల్ల ఏదైనా అయి ఉంటుందా అని కూడా ఆలోచించాను. కానీ ఆ సంగతి నేనే చక్కబెట్టి ఇచ్చాను కదా. పొద్దున నూరు ఉన్న చార్జింగు పన్నెండుకల్లా అయిపోతోందని, నాలుగింటి హాజరు పోతోందని నువ్వు ఏడుపు మొహంతో వస్తే, ఆదివారం కూర్చోబెట్టి చెప్పాను గుర్తుందా. సిగ్నల్ సరిగా లేని చోట ఫోను ఊరికే ఉండదు, టవరు కోసం కేకలు వేస్తూ ఉంటుంది, టవరు దూరమయ్యేకొద్దీ గొంతు పెంచుతుంది, ఆ కేకలకే బ్యాటరీ అయిపోతుంది అని. మన ఒడ్డు టవరు గుట్ట వెనక ఉంది, ఒక గీత వస్తుంది, పోతుంది. అందుకని నీ ఫోనును టూజీ ఒక్కటే పట్టుకోమని కట్టేశాను. దొరికిన టవరును గట్టిగా పట్టుకుని కిక్కురుమనకుండా ఉంటుంది. ఫోటో ఎక్కడానికి పది నిమిషాలు పట్టినా ఎక్కుతుంది. దాంతోపాటు కరెంటు తినే మరో రెండు మూడు ఆపేశాను. మరుసటి రోజు నుంచి చార్జింగు రెండు రోజులు వస్తోందని నువ్వే సంబరంగా ఫోన్ చేశావు. కాబట్టి అటువైపు అనుమానం లేదు.

మరి ఎటువైపు ఉందని అడుగుతావు. ఎటూ లేదు. అదే చెప్పబోతున్నాను.

ఊళ్లో మాటలు మొదలయ్యాయి. పొద్దున షట్టరు తీస్తుంటే పక్క కిరాణా కొట్టు కన్నయ్య పళ్లు ఇకిలించాడు.

"ఏంది మోయిన్ భాయ్, మా చెల్లెమ్మకు ఏటి అవతలికి ట్రాన్స్‌ఫరయిందంటగా. ఇక బోనాల పండక్కి మీ ఇంటికే వస్తాంలే."

"పొట్లాలు కట్టుకో కన్నయ్యా, మాటలు కట్టమాక."

"నేనేమన్నా అన్నానా? గవర్నమెంటు ఫోనే అంటంది."

ఇంటికి అన్నానికి పోతే అమ్మ. అమ్మ సంగతి నీకు తెలుసు, తమలపాకు నములుతూ ఎటో చూస్తూ అడుగుతుంది.

"అడిగావంట్రా దాన్ని?"

"ఏం అడగాల?"

"పోయిందో లేదో."

"అడగను. అడిగితే అనుమానించినట్టు."

"అడక్కుండా నువ్వు చేస్తంది ఏంది మరి?"

మన హక్కుల మండలి మీటింగుల్లో గంటసేపు ఆపకుండా మాట్లాడే నేను, పీరాంబీ అనే డెబ్బై ఏళ్ల నిరక్షరాస్యురాలి ముందు అన్నం సగంలో వదిలేసి లేచాను తస్లీమ్. నిరుడు నరసరావుపేట సభలో నేను ఏమన్నానో నువ్వూ విన్నావు. పెళ్లాం ఫోను తీసి చూసే మగాడు దొంగతో సమానం, ఎక్కడికి పోయావని అడిగేవాడు జైలరుతో సమానం అన్నాను. ఆ మాట ఈ రోజుకూ నాదే. నా భార్య ఎటు పోయినా ఆమె కాళ్లు ఆమెవి. అందుకే నిన్న నువ్వు వచ్చి మెమో బల్ల మీద పెడితే ఆ సంగతి నేను అడగలేదు. యాప్ గురించి, ప్రభుత్వాల గురించి రెండు గంటలు మాట్లాడాను. నువ్వు విన్నావు. అన్నం తిని మధ్యాహ్నం బస్సుకు పోయావు. బస్సు కదిలేటప్పుడు నా వైపు చూశావు. ఆ చూపు ఏమిటో నాకు అర్థం కాలేదు.

శనివారం విచారణ. గట్టిగా వాదించాలంటే నాకు వివరాలు కావాలి. ఆ రోజుల్లో ఫోను ఎక్కడ పెట్టేదానివి? పదింటికి ఎన్ని గీతలు ఉండేవి? నాలుగింటికి చార్జింగు ఎంత మిగిలేది? ఇవి రాసి పంపు. ఇంతకు మించి నేనేమీ అడగడం లేదు.

నీ
మోయిన్


మాచర్ల,
గురువారం.

తస్లీమ్, బంగారూ,

నీ జవాబు మంగళవారమే అందింది. ఒక్క లైను. "ఫోను నా సంచిలోనే ఉండేది, గీతలు నిండుగా ఉండేవి, చార్జింగు సరిపోయేది." కింద సంతకం కూడా లేదు. ఆ లైను ఎన్నిసార్లు చదివానో చెప్పను. గీతలు నిండుగా ఉండేవి అన్నావు. గుండాలరేవులో గీతలు నిండుగా ఎట్లా ఉంటాయి? గుట్ట వెనక టవరు నిండు గీతలు ఎన్నడూ ఇవ్వలేదు. నిండు గీతలు అవతలి ఒడ్డునే ఉంటాయి. ఇది చదివాక ఏం ఆలోచించానో నువ్వు ఊహించగలవు. ఊహించవద్దు, నేనే చెబుతాను.

బుధవారం షాపు మూసి బస్సెక్కాను. గుండాలరేవుకు ముందు స్టేజీలో దిగాను. ఎందుకు ముందు స్టేజీలో దిగాను అంటే, నీకు కనపడకూడదని. మిరపచేలకు అడ్డం పడి నడిచి రేవు పైగట్టుకు చేరి, ఎండబెట్టిన వలల వెనక కూర్చున్నాను. పుట్టి ఎక్కి అవతలికి ఎవరెవరు పోతున్నారో చూద్దామని కూర్చున్నాను. ఇదీ నేను. జైలరు, దొంగ అని మైకులో అరిచినవాణ్ణి.

పుట్టి నడిపే ముసలాయన రెండుసార్లు చూసి అడిగాడు.

"అవతలికి పోవాల్నా సాయబూ, ఊరికే కూర్చుంటానికి వచ్చావా?"

"ఊరికే. ఈ పుట్టిలో ఎవరెవరు పోతుంటారు?"

"పనున్నోళ్లు పోతారు. నువ్వేంది, జనాల లెక్క రాసేటోడివా?"

తలకాయ దించుకున్నాను. చేతులు ఊరికే ఉండలేక ఫోను తీశాను. మ్యాపు తెరిచాను. తస్లీమ్, నేను ఇవతల ఒడ్డున కూర్చుని ఉన్నాను, కాళ్ల కింద మన మట్టి ఉంది. మ్యాపులో నీలం చుక్క ఏటి అవతల ఉంది. నేను ఒడ్డు మీద ఉండగానే నా ఫోను నన్ను పుట్టి లేకుండా దాటించేసింది.

మొదట నాకు తల తిరిగింది. ఎండ అనుకున్నాను. లేచి పది అడుగులు నడిచాను. చుక్క కదల్లేదు. అప్పుడు గుర్తొచ్చింది, నీ ఫోనుకు ఏమేం పెట్టానో ఆ రోజే నా ఫోనుకూ అవే పెట్టుకున్నానని. టూజీ ఒక్కటే. ఇంకా, లొకేషన్ దగ్గర 'బ్యాటరీ ఆదా'. ఆ ఆదా అంటే ఏమిటో నాకంటే బాగా తెలిసినవాడు ఈ మాచర్లలో లేడు. ఆకాశంలోని శాటిలైట్‌ను అడిగి చోటు తెలుసుకోవడానికి ఫోను కరెంటు చాలా తింటుంది. అది ఆపేస్తే, ఏ టవరును పట్టుకుని ఉందో ఆ టవరు చుట్టుపక్కలే ఉన్నానని చెప్పేస్తుంది. టూజీ కట్టేసిన ఫోనుకు రేవులో దొరికే గట్టి టవరు ఏది? ఎదురుగా నీళ్ల మీదుగా అడ్డం లేకుండా కనిపించే అవతలి ఒడ్డు టవరు. అందుకే గీతలు నిండుగా ఉన్నాయి. అందుకే చార్జింగు సరిపోయింది. అందుకే ఒకే దిక్కు, ఒకే చోటు.

శాటిలైట్ ఆన్ చేశాను. చుక్క ఏరు దాటి నా కాళ్ల దగ్గరికి వచ్చింది. ఆపాను, మళ్లీ అవతలికి పోయింది. ఏడుసార్లు చేశాను. పుట్టి ముసలాయన నన్ను పిచ్చివాడనుకుని ఉంటాడు.

నీ ఫోను నేను సెట్ చేసింది ఏ ఆదివారమో గుర్తు చేసుకున్నాను. ఆ రోజు మన మండలి మీటింగు, కరపత్రం మీద తేదీ అచ్చయి ఉంది, రెండో తేదీ. మెమోలో మొదటి రోజు మూడో తేదీ. నిన్ను అవతలి ఒడ్డుకు పంపింది ప్రభుత్వం కాదు, యాప్ కాదు, నేను. ఇన్ని రోజులు ఊరిని, కన్నయ్యను, ఆఫీసును తిట్టాను. మనసులో నిన్ను కూడా ఒక మాట అన్నాను. నా చేతి పనికి నువ్వు దోషివయ్యావు.

నీ గది అక్కణ్ణుంచి అరమైలు కూడా లేదు. రాలేకపోయాను. ఏ మొహంతో రావాలో తెలియలేదు. తిరిగి ముందు స్టేజీ దాకా నడిచి బస్సెక్కాను.

దీంతోపాటు నాలుగు పేజీల అర్జీ పెడుతున్నాను. శనివారం విచారణలో ఇచ్చేయ్. మొదటి రెండు పేజీల్లో టవరు సంగతి, బ్యాటరీ సంగతి చిన్నపిల్లలకు చెప్పినట్టు రాశాను. ఫోను వాళ్ల బీరువాలోనే ఉంది కాబట్టి సెట్టింగు ఎవరూ మార్చి ఉండరు, అందరి ముందూ తెరిచి చూడమను. మూడో పేజీలో నీ సంగతి రాశాను. "నా భార్య ఆ పద్నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా నది దాటలేదు, ఆవలి ఒడ్డున అడుగు పెట్టలేదు, ఇందుకు నేను ప్రమాణం చేస్తున్నాను" అని. నాలుగో పేజీ వాళ్లకు నాలుగు చీవాట్లు. అది నాకోసం రాసుకున్నాను, అయినా ఇవ్వు.

ఇప్పుడు నాకు స్పష్టంగా ఉంది. ఏమీ మిగల్లేదు. నన్ను క్షమించు అని రాయబోయి ఆగాను, దేనికి క్షమించాలో పూర్తిగా రాస్తే గాని ఆ మాట రాయకూడదనిపించింది. పైన రాశాను. ఇప్పుడు రాస్తున్నాను.

నీ
మోయిన్


గుండాలరేవు,
శనివారం సాయంత్రం.

మోయిన్‌కు,

పేరు పెట్టి పిలవమని పెళ్లయిన వారానికే నువ్వు నేర్పావు. అత్త ముందు ఇప్పటికీ నోరు రాదు. ఇది అత్తకు చదివి వినిపించు, పేరు కూడా వినిపించు.

విచారణ అయింది. వెంకటప్పయ్య గారని ఒక సూపరింటెండెంటు చేశారు, పెద్దాయన. నీ అర్జీ మొదటి రెండు పేజీలు కళ్లద్దాలు సర్దుకుని చదివారు. బీరువాలోంచి నా ఫోను తెప్పించి, చార్జింగు పెట్టించి, ఇద్దరి ముందు తెరిచారు. నువ్వు రాసినట్టే ఉంది. ఆయనకు సంగతి అర్థమై, "మా అల్లుడు కూడా నా ఫోనుకి ఇదే పెట్టాడమ్మా, పొద్దున్నుంచీ నేను గురజాలలో ఉన్నానో లేదో" అని నవ్వారు. మిగతావాళ్లూ నవ్వారు.

నాలుగో పేజీ ఇచ్చాను. చదివి ఫైల్లో పెట్టుకున్నారు. మూడో పేజీ ఇవ్వలేదు. బస్సులోనే చింపేశాను.

పన్నెండో తేదీ బుధవారం నేను ఏరు దాటాను.

శేషమ్మ కూతుర్ని అవతలి రేవులో ఇచ్చారు. కాన్పు ఇక్కడే అయింది, నేనే చూశాను. మొదటి సూది నేనే వేశాను. రెండో సూదికి రాలేదు, ఆ పిల్లకు చలిజ్వరం, పసిదాన్ని ఎత్తుకుని పుట్టి ఎక్కలేనని కబురు పెట్టింది. అక్కడి సెంటరు పన్నెండు మైళ్లు. శేషమ్మ నన్నేమీ అడగలేదు. టీ ఇచ్చి పక్కన నిలబడింది, అంతే. మధ్యాహ్నం మూడింటికి ఐసు పెట్టెతో పుట్టి ఎక్కాను. మందు రాష్ట్రం దాటించకూడదని నాకు తెలుసు. నాలుగింటికి ఆ గుడిసె ముందే నిలబడి మొహం చూపించి హాజరు వేశాను, చీకటి పడకముందే తిరిగొచ్చాను. నువ్వు కట్టేసిన ఫోను ఇరవై ఎనిమిదిసార్లు నేను అవతల ఉన్నానంది. ఇరవై ఏడుసార్లు అబద్ధం. ఒక్కసారి నిజం. చుక్క మాత్రం అన్నిసార్లూ ఒక చోటే ఉంది.

వెంకటప్పయ్య గారికి ఇదే చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టారు.

"అమ్మా, అన్నీ ఫోను తప్పే అంటే అయిపోయేది కదా. ఆ ఒక్కటి ఎందుకు చెప్తన్నావు?"

"అది ఫోను తప్పు కాదండీ."

"రాసుకుంటే మళ్లీ మెమో వస్తది."

"రాసుకోండి."

రాసుకున్నారు. ఇరవై ఏడు పూటలు కొట్టేశారు. ఆ ఒక్క పూటకు వేరే విచారణట. ఇంక్రిమెంటు ఆపుతారో, కొండల్లోకి బదిలీ చేస్తారో తెలియదు. ఫోను తిరిగిచ్చారు.

నీకెందుకు చెప్పలేదంటావు. చెబితే అది కరపత్రం అవుతుంది. రాష్ట్రాలు గీసిన గీతను చెరిపిన వీరనారి అని నా పేరు పెద్దక్షరాల్లో వేస్తావు. ఆదివారం మీటింగు పెడతావు. ఆ పిల్ల మొగుడికి, వాళ్ల ఊరికి, మా ఆఫీసుకు తెలుస్తుంది. నేను దాటింది గీత చెరపడానికి కాదు. సూది టైము దాటుతోందని. దాన్ని అంత చిన్న పనిగానే ఉంచుకోవాలనుకున్నాను.

మొన్న ఆదివారం మెమో బల్ల మీద పెట్టినప్పుడు చెబుదామనే వచ్చాను. నువ్వు రెండు గంటలు మాట్లాడావు. యాప్ గురించి చెప్పావు, టవర్ల గురించి చెప్పావు, అధికారుల గురించి చెప్పావు. తస్లీమ్, వెళ్లావా అని అడగలేదు. బస్సులో కూడా నీ వైపు అందుకే చూశాను, కిటికీ దగ్గరికొచ్చి అడుగుతావేమోనని. ఆ తరవాత రాసిన ఉత్తరంలో ఎన్ని గీతలు, ఎంత చార్జింగు అని అడిగావు. అడిగినవాటికి జవాబు రాశాను.

అనుమానం మర్యాద కాదని నువ్వు అడగలేదు. నాకది తెలుసు. మీటింగులో నువ్వు చెప్పిందాంట్లో అబద్ధం లేదని కూడా తెలుసు. కానీ మోయిన్, నిలదీసేవాడు వేరు, అడిగేవాడు వేరు. ఈ తేడా నీకు ఇన్నేళ్లూ నేనూ చెప్పలేదు, నాకూ తెలియదు, ఈ వారమే తెలిసింది.

ఇంకొక సంగతి. బుధవారం శేషమ్మ రేవు నుంచి వచ్చి, "అమ్మాయ్, మీ ఆయన లాగుండాడే, వలల ఎనక కూర్చుని ఫోనుతో ఏందో చేసుకుంటండాడు" అంది. వచ్చి చూశాను. నీ వీపు, నీ నీలం టోపీ. పిలుద్దామనుకున్నాను. ఎందుకొచ్చావో అర్థమయింది. నేను కూడా వెనక్కి తిరిగి పోయాను. నువ్వు ఒక్కడివే సిగ్గుపడాల్సిన పని లేదు. నేను అక్కడే అడిగి ఉండాల్సింది, ఏంది మోయిన్ ఇక్కడ, అని.

ఈ ఆదివారం రాను. బుధవారం వేసిన సూదుల లెక్క తేల్చాలి. వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు వస్తాను.

ఫోనుకు నువ్వు పెట్టినవన్నీ తీసేశాను. ఇప్పుడు ఎక్కడ ఉంటే అక్కడే చూపిస్తోంది. చార్జింగు మళ్లీ మధ్యాహ్నానికే అయిపోతుంది. అందుకని పొద్దున పదింటికీ, సాయంత్రం నాలుగింటికీ మాత్రమే ఆన్ చేస్తాను. మిగతా టైమంతా ఆపేసి సంచిలో పెడతాను. ఆ మిగతా టైములో నేను ఎక్కడున్నానో ఏ టవరుకూ తెలియదు. తెలుసుకోవాలంటే నన్నే అడగాలి. అడుగు.

తస్లీమ్